ఎనిమిది నిమిషాల నడక

పోయిన ఆదివారం వాన వెలిసేదాకా సింగపూర్ ఆంగ్ మో కియోలో, తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో కూర్చుండిపోయాను. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన తాపీగా కమలాపండు ఒలుస్తున్నాడు. తొక్క చీలినప్పుడు చిమ్మే ఆ పుల్లటి వాసన తడిసిన సిమెంటు వాసనతో కలిసి నా దాకా వచ్చింది. ఉన్నట్టుండి సాయంత్రం నాలుగైపోయిందనిపించింది. గడియారం చూసుకుంటే ఇంకా పదకొండు కూడా కాలేదు. పదేళ్ళ కిందట, వన్-నార్త్‌లోని మా చిన్న ఆఫీసులో, సరిగ్గా నాలుగింటికి ఒకావిడ కమలాపండు ఒలిచి తలా రెండు తొనలు పంచేవారు. ఆవిడ పోయారన్న కబురు ఈ ఏడాది మొదట్లో ఈమెయిల్లో వచ్చింది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆదివారం మాత్రం, ముక్కూ మొహం తెలియని ఒక తాత పండు ఒలుస్తుంటే, కళ్ళు తుడుచుకోవడానికి టిష్యూ ప్యాకెట్ కోసం సంచీ అంతా వెతికాను. అది నా ఎదురుగానే ఉంది. ఆ సీటు నాదని చెప్పడానికి బల్ల మీద నేనే పెట్టాను.

ఆవిడ పేరు రోవీనా. ఇంగ్లండులో ఒకప్పుడు పార్లమెంటు సభ్యురాలు. రేవులో గుమాస్తా చేసే నాన్న, సముద్రం పక్కన చిన్న ఊరు, స్కాలర్‌షిప్పు మీద ఎకనామిక్స్ చదువు. కొన్నేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత వాళ్ళ ఆర్థిక శాఖలో అంకెల మధ్య కూర్చుని, ఒకరోజు ఆ ఉద్యోగం వదిలేసి సొంత ఊళ్ళో ఎన్నికలకు నిలబడ్డారు. రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచారు. ఒకప్పుడు తను ఫైళ్ళు మోసిన మేడలోకే చిన్న మంత్రిగా తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత మళ్ళీ ఓడిపోయారు. ఓడిపోయిన వాళ్ళు మామూలుగా పుస్తకాలు రాస్తారు, టీవీల్లో కూర్చుంటారు. ఈవిడ ఒక సూట్‌కేసు సర్దుకుని సింగపూర్ వచ్చేసి, మా ఏడుగురి జట్టుకు పెద్దయ్యారు. మా పని చెప్పుకోవడానికి తేలిక. ఎవరైనా ఒక సేవ నడుపుతుంటారు, అది నడపాలా ఆపాలా అని మమ్మల్ని అడుగుతారు. మేం లెక్కలు కట్టి చెబుతాం.

నేను చేరిన మొదటి వారం ఆవిడ నన్ను టీకి తీసుకెళ్ళారు. మంత్రిగా చేసినావిడతో ఏం మాట్లాడాలో తెలియక నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడే మీ ఊరెలా ఉంటుందని అడిగారు. నరసాపురం గురించి ఇంగ్లీషులో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు, ఏది చెప్పినా పర్యాటక శాఖ వాళ్ళ కరపత్రంలా వస్తుంది. అందుకని పంటు గురించి చెప్పాను. గోదావరి మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్నీ మోటార్‌సైకిళ్ళనీ అరటిగెలల్నీ ఒకేసారి దాటించే పంటు. శీతాకాలం పొద్దున్నే ఎక్కితే అవతలి గట్టు కనిపించదు, పొగమంచులోంచి మాటలు మాత్రం వినిపిస్తాయి. ఆ మాటల్లో మా మేనత్త గొంతు ముందే పోల్చుకుని నేను ఇటు నుంచి కేకేసేదాన్ని. రోవీనా టీ తాగడం మానేసి విన్నారు. అయ్యాక, మా ఊళ్ళోనూ ఒకటుండేది అన్నారు, ఏటి మొగలో. ఉండేది అన్నారే గాని ఏమైందో చెప్పలేదు. బయట వాన మొదలైంది. ఆవిడ చాలాసేపు ఆ వానలోకి, అవతల ఇంకో గట్టు ఉన్నట్టుగా, చూస్తూ ఉండిపోయారు.

మా ఆఫీసులో ఒక వింత అలవాటు ఉండేది, అది ఆవిడ తెచ్చిందే. ఏ రిపోర్టయినా బయటికి వెళ్ళే ముందు అందరం మీటింగు గదిలో కూర్చుంటాం. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి టీ పెట్టుకునే ప్యాంట్రీ వైపుకి, రెండోది లిఫ్టుల వైపు వరండాలోకి. ఆవిడ ఫోన్లో ఎనిమిది నిమిషాలకు గంట పెట్టేవారు. ఆ ఎనిమిది నిమిషాల్లో రిపోర్టుకు ఒప్పుకునేవాళ్ళు లేచి ప్యాంట్రీ తలుపులోంచి, ఒప్పుకోనివాళ్ళు వరండా తలుపులోంచి బయటికి నడవాలి. కూర్చున్నవాళ్ళు లెక్కలోకి రారు. గంట మోగాక తలుపులు మూసేస్తారు. వాళ్ళ పార్లమెంటులో ఓటు ఇలాగే వేస్తారట, గంటలు మోగుతుంటే ఎనిమిది నిమిషాల్లో అటో ఇటో ఒక నడవాలోకి నడిచి వెళ్ళి. మర్నాటికల్లా ఎవరు ఎటు నడిచారో పేర్లతో సహా అచ్చవుతుందట. ఆవిడా ఒక కాగితం మీద మా పేర్లు రాసి గోడకు అంటించేవారు. చెయ్యెత్తితే సరిపోదా అని ఒక సహోద్యోగి నవ్వుతూ అడిగితే, ఆవిడ నవ్వకుండానే జవాబిచ్చారు.

"చెయ్యి దానంతటదే లేస్తుంది. కాళ్ళకు మాత్రం మనం చెప్పాలి."

నా కాళ్ళకు చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు, వాటికి ప్యాంట్రీ దారి బాగా అలవాటు. మాది పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పని ఇల్లు. క్లాసులో మాస్టారు తప్పు లెక్క వేస్తే బల్ల కిందే సరిదిద్దుకునేదాన్ని తప్ప చెప్పేదాన్ని కాదు. నా వరకు అది మంచితనం. రోవీనా రాసిన ఏ రిపోర్టుకైనా గంట పెట్టకముందే లేచి నిలబడేదాన్ని. గోడ మీది కాగితాల్లో నా పేరు ఎప్పుడూ ఒకే వైపు ఉండేది. ఒకసారి ఆవిడ ఆ కాగితాలన్నీ వరుసగా చూసి, ప్యాంట్రీలో బిస్కెట్లు అంత బాగుంటాయా అని అడిగారు. మెచ్చుకుంటున్నారనుకుని సిగ్గుపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజుల్లో మేం యీషున్‌లో ఉండేవాళ్ళం. మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద, పారమ్మ ఆంటీ ఉండేది. ఆమె తాత తెల్లదొరల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా ఆమె తెలుగు మాత్రం ఆ తాత ఓడ దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది, మధ్యమధ్య కాస్త తమిళం, మలయ్ కలిసి. నేను ఎక్కడ కనిపించినా మకాన్ అయిందా అని అడిగేది, తిన్నావా అని. మనవడు ఇక్కడివాళ్ళలా ప్రతి మాట చివరా ‘లా’ తగిలిస్తూ ఇంగ్లీషులోనే జవాబులిస్తుంటే, ఆమెకు తెలుగులో పోట్లాడుకోవడానికి నేను దొరికాను. ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. ఒక సేవాసంస్థ వాళ్ళ వ్యాను రోజూ వచ్చి ముసలివాళ్ళను వ్యాయామం చేయించే కేంద్రానికి తీసుకెళ్ళేది. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటి. ఆంటీది మధ్యాహ్నం ట్రిప్పు. చక్రాల కుర్చీలో మొదలుపెట్టి, నాలుగు కాళ్ళ ఊతానికి, దాన్నుంచి చేతికర్రకు వచ్చింది. వ్యాను ఆగితే ఆ కాలు మళ్ళీ మంచానికే అని డాక్టరు ఆమెకు ముఖం మీదే చెప్పాడు.

ఆ సంస్థ వాళ్ళే ఒకరోజు మా ఆఫీసుకు వచ్చారు, రెండు ట్రిప్పులూ అవసరమా, ఒకటి ఆపేయవచ్చా అని. మనుషుల్ని లెక్కపెట్టే పని నాది. నేను ఆ పని జూన్‌లో చేశాను. జూన్ అంటే బడులకు సెలవులు. మధ్యాహ్నం వ్యాను దాదాపు ఖాళీగా తిరుగుతోంది. ఎక్కేవాళ్ళు లేరని రాసుకున్నాను, రోవీనా దాని మీద రిపోర్టు రాశారు, మధ్యాహ్నం ట్రిప్పు ఆపేయవచ్చని తేల్చారు. ఆ రిపోర్టు చదువుతుంటే నాకు జూన్‌లో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. మా బ్లాకు కింద ఆంటీ మనవడి వెనకాల కర్ర పొడుచుకుంటూ తిరుగుతోంది. వ్యాను ఎక్కలేదేం ఆంటీ అని అడిగితే, బడి లేదు గదా, ఈణ్ణెవులు సూత్తారు అంది. నేను నవ్వి లిఫ్టెక్కేశాను. సెలవుల్లో, మధ్యాహ్నం బడికెళ్ళే పిల్లలున్న అమ్మమ్మలూ నానమ్మలూ అందరూ ఇళ్ళల్లో మనవల్ని కాపలా కాస్తున్నారు. వాళ్ళు రాని నెలలో వాళ్ళని లెక్కపెట్టి, లేరని రాసింది నేను.

ఇది నాకు గురువారం సాయంత్రం తెలిసింది. శుక్రవారం మీటింగు. రాత్రంతా చెబుదామనే అనుకున్నాను. పొద్దున ట్రైన్లో ఇంగ్లీషు వాక్యాలు కూడా కూర్చుకున్నాను. గదిలో రోవీనా ఎదురుగా కూర్చోగానే అవన్నీ గాలికి పోయాయి. ఆవిడ రాసింది తప్పనడం, ఆ తప్పు నేనిచ్చిందే అనడం, రెండూ ఒకే నోటితో అనాలి. ఎనిమిది నిమిషాలు మొదలయ్యాయి. ఒకరిద్దరు లేచారు. నేను లేచి, ఎప్పటిలాగే, ప్యాంట్రీ తలుపులోంచి వెళ్ళిపోయాను. కెటిల్‌లో నీళ్ళు పోసి మరిగేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఏడుగురం అటే నడిచాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

శనివారం ఆంటీ కింద బెంచీ మీద కూర్చుని నన్ను పిలిచింది. మా ఆఫీసు పేరు ఆమెకు ఎవరో చెప్పారు. ఆమె ముఖంలో భయం లేదు. అదే నన్ను చంపింది.

"మా వేను సంగతి మీయోల్లే సూత్తన్నారంట గదా. లోపల నువ్వున్నావు గదమ్మా, మా పిల్లవి. నాకేటి బయం."

సోమవారం ఎవరూ రాకముందే ఆఫీసుకు వెళ్ళాను. రోవీనా ఎప్పుడూ ముందే వచ్చేవారు. కిటికీ అవతల వాన పడుతోంది, చెట్లూ భవనాలూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఉన్నాయి, ఆవిడ లైటు వేసుకోకుండా ఆ బూడిద రంగు వెలుతురులో చదువుకుంటున్నారు. నిలబడే చెప్పేశాను, సెలవుల గురించి, మనవల గురించి, నా లెక్క గురించి. ఆవిడ కోప్పడలేదు. ఎప్పుడు తెలిసిందని మాత్రం అడిగారు. గురువారం అన్నాను. అంటే నువ్వు శుక్రవారం నడవక ముందే, అన్నారు. తల ఊపాను. ఆవిడ లేచి మీటింగు గదిలోకి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళి కూర్చున్నాను. ఫోన్లో ఎనిమిది నిమిషాలు పెట్టి బల్ల మీద ఉంచారు. పెట్టిన వెంటనే, తను రాసిన రిపోర్టుకు వ్యతిరేకంగా, వరండా తలుపులోంచి బయటికి నడిచి వెళ్ళిపోయారు.

నేను ఒక్కదాన్నే మిగిలాను. ఆవిడ నన్ను పిలవలేదు, వెనక్కి చూడలేదు. ఆవిడ వెళ్ళాక ఆ తలుపులోంచి వెళ్ళడం ఎంత తేలికో నాకు తెలుసు, అందుకే లేవలేకపోయాను. ఇప్పుడు కూడా నేను ఆవిడ వెనకాలే కదా వెళ్ళేది, దీన్ని నడవడం అంటారా అనిపించింది. వాన చప్పుడు, ఫోన్లో తగ్గుతున్న అంకెలు, మసక గది. ఆ కాసేపట్లో నాకు పారమ్మ ఆంటీ కాలు కనిపించింది, వాచి, మేజోడులో బిగుసుకుపోయి. ఆ కాలు కర్ర పక్కన ముందుకు పడటానికి ఎంత ఆలోచిస్తుందో చాలాసార్లు చూశాను. ఆఖరి నిమిషంలో లేచాను. వరండాలో ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

"ఆలస్యమైనా లెక్కలోకి వస్తుంది ఉషా. తలుపు మూసేలోగా వస్తే చాలు."

ఆ మధ్యాహ్నం వాన తగ్గాక ఇద్దరం బయటికి నడిచాం. దారి పొడుగునా చెట్ల మీంచి నీళ్ళు రాలుతున్నాయి. అప్పుడు ఆవిడ తన ఊరి పడవ సంగతి చెప్పారు. పడవలో పది నిమిషాలైతే, రోడ్డు మీద ఏటిని చుట్టి వెళ్ళడానికి సగం రోజు. ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు, ప్రభుత్వం డబ్బిస్తే తప్ప నడవదు. ఆ డబ్బు ఆపేసే బిల్లు వచ్చింది. రోవీనా ప్రతి శుక్రవారం ఊరి లైబ్రరీలో కూర్చుని జనాన్ని కలిసేవారు. అక్కడికి మేబెల్ అనే ఆమె వచ్చింది, బడిలో వంట చేసి రిటైరైన మనిషి. మేబెల్ చెల్లెలు అవతలి ఒడ్డున ఉంటుంది, మంచంలో. పడవ ఆగితే చెల్లెలి దగ్గరికి రోజూ వెళ్ళడం కుదరదు. మీరు ఎటు నడుస్తారని మేబెల్ అడిగింది. బిల్లుకు ఎదురు వైపే నడుస్తానని రోవీనా మాటిచ్చారు. కానీ ఆవిడ అప్పుడు మంత్రి. ఎదురు నడిస్తే పదవి పోతుంది.

గంటలు మోగినప్పుడు ఎటు వెళ్ళాలో తనకు స్పష్టంగా తెలుసన్నారు. పచ్చ బెంచీలు, నడిచేవాళ్ళ బూట్ల చప్పుడు, పక్కనున్నవాళ్ళు భుజం మీద చెయ్యేసి మాట్లాడుతూ తీసుకెళ్ళడం, అన్నీ కలలో జరిగినట్టు చెప్పారు. తను ఏ నడవాలో ఉన్నానో లోపలికి వెళ్ళాకే చూసుకున్నానన్నారు, వెంటనే అదీ అబద్ధమే అన్నారు. లెక్క తప్పా అని నేను అడిగాను. ఎందుకో ఆవిడ తరఫున ఒక సాకు వెతకాలనిపించింది.

"లెక్క సరైనదే. ఇవాళ వేసినా అదే వస్తుంది. కానీ నేను మాటిచ్చింది లెక్కకు కాదు, మేబెల్‌కి."

పడవ ఆగిపోయింది. చెల్లెలు మరో రెండేళ్ళు బతికింది. ఆ తర్వాత కూడా మేబెల్ శుక్రవారాలు లైబ్రరీకి వస్తూనే ఉంది. చెత్తబుట్టలు తీయడం లేదని ఒకసారి, పక్కింటి కుక్క గురించి ఒకసారి. పడవ మాట మాత్రం ఎత్తలేదు. అడిగితే చెబుదామని రోవీనా కూర్చునేవారు. నాలుగేళ్ళు అలాగే కూర్చున్నారు. ఎన్నికల్లో ఓడిపోయింది ఆ పడవ వల్ల కాదట, ఆ పడవ ఊళ్ళో ఎవరికీ గుర్తు కూడా లేదట. గుర్తుండి ఓడించి ఉంటే బాగుండేదన్నారు. సింగపూర్‌కి ఎందుకు వచ్చారో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. రెండు తలుపుల గది ఎందుకో పూర్తిగా అర్థమైంది.

ఈసారి బడులు నడుస్తుండగా మళ్ళీ లెక్కపెట్టాం. మధ్యాహ్నం వ్యాను నిండుగా ఉంది. సంస్థ వాళ్ళ ముందు రోవీనా పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటూ, ఇది మా పొరపాటు అన్నారు. ఆ ‘మా’ అన్న మాట వెనకాల నేను హాయిగా దాక్కున్నాను. ట్రిప్పు ఆగలేదు. ఆ సంస్థ మళ్ళీ మాకు పని ఇవ్వలేదు. ఆర్నెల్లకు రోవీనా ఒప్పందం ముగిసింది. పొడిగించమని ఆవిడా అడగలేదు, పైవాళ్ళూ అనలేదు. ఆఖరి రోజు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు, ఒక్కొక్కరినీ పేరుపేరునా లెక్కపెట్టు అని మాత్రం అన్నారు. నేను ఆవిడ పాదాలకు దణ్ణం పెట్టబోతే కంగారుపడి, కింద ఏదో పడిందనుకుని తనూ వంగారు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. వీడ్కోలు అలా జరిగింది.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ పారమ్మ ఆంటీ బ్లాకంతా చాటింపు వేసింది. మా పిల్ల లోపలుండి మా వ్యాను కాపాడింది అని లిఫ్టులో ఎవరు ఎక్కితే వాళ్ళకు చెప్పేది. ఒక్కోసారి నేను పక్కనుండగానే. నేను తల దించుకుంటే వినయం అనుకునేవారు. కర్ర లేకుండా బెంచీ నుంచి వ్యాను దాకా నడిచిన మర్నాడు, డబ్బా నిండా కేసరి చేసి తెచ్చి నా చేతిలో పెట్టబోయింది. ఆ డబ్బా వెచ్చగా తగిలింది. నేను అందుకోలేకపోయాను. పక్కన కూర్చుని, మీరు అడగలేదు కాని చెబుతానాంటీ అని మొదలుపెట్టి, జూన్ నుంచి మొత్తం చెప్పాను.

"ముందల ఆపీమన్న వైపే నడిసినావా?"

"అవునాంటీ."

"నా కాలు తెలిసి కూడా?"

"తెలిసే."

ఆంటీ డబ్బా మూత బిగించి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు తిరిగింది. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను, కాని ఈసారి కూర్చోవడమే నా వంతు అనిపించింది. ఉండబట్టలేక రోవీనా సంగతి, మేబెల్ సంగతి కూడా చెప్పాను. వ్యాను మలుపు తిరిగి వస్తుంటే ఆమె లేచింది.

"ఆ తెల్లామె, ఆ ముసిలమ్మకి సెప్పిందా మరి?"

లేదన్నాను.

"ఎల్లి సెప్పమను. ముసిలోల్లం, ఎన్నాల్లుంటాం."

డబ్బా బెంచీ మీదే ఉండిపోయింది. నాకిచ్చిందో మర్చిపోయిందో తెలియక సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు తర్వాత ఆంటీ నన్ను మా పిల్ల అనడం మానేసింది. ఉషా అని పిలుస్తుంది. ఇప్పటికీ అంతే. మొదట్లో ఎంతో బాధపడ్డాను. మెల్లగా, ఆ పేరు పెట్టి పిలవడంలో ఒక నిజం ఉందని, దాన్ని నేను సంపాదించుకున్నానని అనిపించసాగింది.

ఆంటీ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి రోవీనాకు రాశాను. ఆవిడకు నేను చెప్పేదేమిటని రెండుసార్లు చెరిపేసి మళ్ళీ రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది, ఈమెయిల్ కాదు, కవర్లో, చేత్తో రాసిన ఒకే పేజీ. శుక్రవారం చూసి మేబెల్ ఇంటికి వెళ్ళారట. ఆమెకు తొంభై దగ్గర పడుతున్నాయట. నిలబడే చెప్పారట, నేను మీకు మాటిచ్చి రెండో వైపు నడిచానని. మేబెల్ కూర్చోమంది. తనకు ఆ మర్నాడు పొద్దున్నే తెలుసంది. పేర్ల జాబితా అచ్చై లైబ్రరీకి వస్తుంది కదా, రోవీనా కూర్చునే గదికి పక్క గదిలోనే ఉంటుంది, వెళ్ళి చూసుకుందట. మరి ఆ తర్వాత కూడా అన్ని శుక్రవారాలు ఎందుకు వచ్చారని రోవీనా అడిగారు. దానికి మేబెల్ చెప్పిన జవాబును ఆవిడ ఉత్తరంలో విడిగా, ఒక వరుసలో రాశారు.

"నువ్వు చెప్పడానికి వీలుగా ఉంటుందని."

ఆ కింద ఇంకేమీ లేదు, సంతకం తప్ప. ఆ ఉత్తరాన్ని యీషున్ నుంచి ఆఫీసుకు వెళ్ళే ట్రైన్లో చదివాను. కిటికీలోంచి తడిసిన చెట్లు వెళ్ళిపోతున్నాయి. చెత్తబుట్టల గురించీ కుక్క గురించీ మాట్లాడుతూ, నాలుగేళ్ళపాటు ఒక ముసలామె బల్లకు అవతల కూర్చుని ఎదురుచూసింది. ఇవతల కూర్చున్న మనిషి అడిగితే చెబుదామని ఎదురుచూసింది. ఇద్దరి మధ్యా ఒక బల్ల వెడల్పు దూరం కంటే లేదు. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయిందని రెండు స్టేషన్ల తర్వాత చూసుకున్నాను.

ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను, వేరే ఆఫీసులో, నాకంటూ ఒక జట్టుతో. ఆపేయమని రాయాల్సిన రిపోర్టులు ఉంటాయి, లెక్క సరైనదే అయినవి. అటు నడిచిన ప్రతిసారీ, వారం దాటకుండా, దానివల్ల నష్టపోయేవాళ్ళలో ఒక్కరి దగ్గరికైనా నేనే వెళతాను. ఎటు నడిచానో, ఎందుకు నడిచానో వాళ్ళు అడగకముందే చెబుతాను. కొందరు తిట్టారు, ఒకాయన మాట పూర్తి కాకుండానే తలుపేశాడు. అది ఆయన హక్కు. వెళ్ళిన ప్రతిసారీ లిఫ్టు దిగి ఆ గుమ్మం దాకా నడిచేటప్పుడు నా కాళ్ళు వెనక్కి లాగుతాయి. వాటికి నేను చెప్పే మాట ఒక్కటే, లోపల ఎవరో ఎదురుచూస్తున్నారని.